నా నోట దిష్టి మాట

పోయినేడు గర్భిణుల ఆరోగ్యంపై ఒక సర్వే కోసం మౌలాలిలో ఇల్లిల్లూ తిరిగాను. మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో వాదించినదాన్ని. మూడో నెల దాటకుండా కడుపు సంగతి బయటపెడితే దిష్టి తగులుతుందని, కవిత అనే అమ్మాయి ఆసుపత్రిలో పరీక్షకు రానంటే ఊరుకుంటానా? పక్కింటి యాదమ్మ వింటుండగానే, "దిష్టీ లేదు, గిష్టీ లేదు! గర్భం దాచుకునేదేం కాదు" అని గట్టిగా దులిపేశాను.

కవిత నన్ను లోపలికి లాక్కెళ్లి ఏడ్చింది. "దిష్టి లేదని నాకు సుత ఎరుకే మేడమ్. ఇంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. అందరికీ తెలిసినంక మళ్లీ పోతే, నాలోనే దోషమంటరు. దిష్టి పేరు చెప్పి దాసుకుంటే ఎవ్వరూ అడగరు. ఆ యాదమ్మ నోరు మూయించుండ్రి, రేపే పరీక్షకొస్త."

బయటికి వచ్చేసరికి యాదమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏందీ మేడమ్, ఎన్నో నెల?"

నేను ఆమె చెవి దగ్గరికి వంగి, "ఎవరితోనూ అనకమ్మా, పిల్లకు దిష్టి తగులుతుంది" అన్నాను.

"అయ్యో, నేనెందుకంట!" అని ఆమె లెంపలేసుకుంది.

మర్నాడు కవిత పరీక్షకు వచ్చింది. దిష్టి మీద మాట్లాడమని ఇప్పుడు సభకు పిలిస్తే మాత్రం, ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తోచడం లేదు.