ఇసుక బకెట్

ప్రసూతి సెలవు అయిపోయి, ఆళ్లగడ్డ బడిలో సైన్సు చెప్పడానికి సలోమి మళ్లీ బస్సెక్కుతున్న రోజులవి. శిరివెళ్లలో అందరికన్నా ముందు లేచి, మోచేతులదాకా సబ్బుతో రుద్దుకుని, మరిగే నీళ్లలో కడిగిన గ్లాసులోకి బిడ్డకోసం తన పాలు పిండేది. మూతికి పలచని గుడ్డ కట్టి, చెడిపోకుండా వంటింటి మూల తడి ఇసుక బకెట్‌లో గ్లాసును అంచుదాకా పూడ్చేది. మధ్యాహ్నం అత్త ఏసమ్మ ఆ పాలు ఉగ్గుగిన్నెతో బిడ్డకు పట్టేది.

ఒక పొద్దున, పక్క వీధిలో ఒకణ్ణి నరికిన మనుషులు ఎదుటి పార్టీవాళ్ల బాంబులు వెతుకుతూ వేటకొడవళ్లతో ఇంట్లోకొచ్చారు. ఆ ఊళ్లో నాటుబాంబులు దాచేది కూడా ఇసుక బకెట్లలోనే. ముందున్నవాడు మూలనున్న బకెట్ చూసి, సలోమి భర్త యోహాను జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. "ఎవురికి దాచినావప్పా ఈటిని?" "పాలన్నా అవి, నా బిడ్డకు. నేను బడికి పోతాండా," అంది సలోమి. "పాలు ఇసకలో పెడతారా యాడన్నా? మాకూ పాఠం చెప్తాండావా, పంతులమ్మా?" అంటూ వాడు గుడ్డ చింపి, నెత్తురు ఆరని కొడవలి మొనతో గ్లాసు అడుగుదాకా కెలికాడు. పాలు ఎర్రబడ్డాయి. "పాలేలే," అని నవ్వాడు. పోతూ పోతూ యోహానును డొక్కలో తన్నారు. సలోమి ఇంకో గ్లాసు తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. రోడ్డు మీద బస్సు హారన్ మోగుతోంది. "కానియ్యి అమ్మీ, బిడ్డ లేస్తాడు," అంది ఏసమ్మ. ఎంత పిండినా చుక్క రాలేదు.