బావకి ట్రీట్‌మెంటు

ప్లాంటు అంటే స్టీలు ప్లాంటొక్కటే మాకు తెలిసిన రోజులవి. భీమిలి మునిసిపాలిటీలో పనిచేసే సింహాచలం బావ దగ్గర్నుంచి వైజాగు వన్ టౌన్‌కి నా పేర కార్డొచ్చింది. ‘నన్ను ట్రీట్‌మెంటులో వేశారు. ఆదివారం తప్పక రావలెను.’ అంతే. అయిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. నాకు తెలిసిన ట్రీట్‌మెంటు మంచం మీద పడుకోబెట్టి చేసేదే. బావంటే మా పిన్ని కూతురు పైడమ్మ మొగుడు. ముప్పై నిండని మనిషికి ఏం ముంచుకొచ్చిందోనని బత్తాయిలు, రొట్టె కొనుక్కుని ఆదివారం ఆరున్నర బస్సెక్కాను.

బస్సు మధురవాడ, తగరపువలస మీదుగా పోతుంది. పొద్దుటపూట వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, కుడివైపు ఎండ మొహాన కొడుతుంది. పక్కనున్న ముసలామె నా సంచీలోకి తొంగిచూసింది.

“ఎవులికి బాబూ, ఒంట్లో బాగోనేదా?”

“మా బావకి మామ్మా. ట్రీట్‌మెంటులో ఉన్నాడు.”

“అయ్యో! ఏ దేవుడికి మొక్కినావు?”

“ముందు రోగం పేరు తెలవాల. దాన్ని బట్టి దేవుడ్ని ఎంచుతాను.”

ఎనిమిదింటికి భీమిలిలో దిగి, టీ తాగి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. కాంపౌండరు రిజిస్టరంతా తిరగేసి, నన్ను ఎగాదిగా చూశాడు.

“మునిసిపాలిటీ సింహాచలమా? అది మురికినీళ్ళ ట్రీట్‌మెంటు ప్లాంటయ్యా! ఊరి సివర సెరువుల కాడుంటాడు. తిన్నగా ఎల్లు, వాసనే దారి సూపిత్తాది.”

చూపించింది. ఊరి కాలవలన్నీ ఒకచోటికి చేరే మలుపులో ఇనప ఊచలు పాతి ఉన్నాయి. బావ పొడవాటి దంతెతో వాటికి చుట్టుకున్న గుడ్డపేలికలు లాగుతున్నాడు. నా చేతిలో పళ్ళు చూసి ఆగాడు.

“ఏటి బావా, రోగిని సూడ్డానికొచ్చినట్టొచ్చినావు?”

“నువ్వు రాసిన ముక్కకి ఏడుసుకుంటూ రానేదు, సంతోసించు.”

బావ నవ్వలేదు. దంతె పక్కన పెట్టి చెరువుల గట్టెక్కించాడు. మొదటిది నల్లగా బుడగలు కక్కుతోంది. రెండోది పచ్చగా నాచు పట్టి ఉంది. మూడోదాంట్లో నీళ్ళు తేటగా ఉన్నాయి, చేపపిల్లలు తిరుగుతున్నాయి. ఆ నీళ్ళే గడ్డి మళ్ళకి పోతాయట.

“ఎండా గాలీ తగిలితే నీళ్ళు ఆటికయ్యే బాగుపడతాయి బావా. దారిలో సెత్త అడ్డుపడకుండా సూడ్డమే నా పని,” అన్నాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. “పైడమ్మ పుట్టింటికి ఎల్లిపోనాది. కుళాయి కాడ ఆడోళ్ళు దీని బిందె తగలకుండా తమయి పక్కకి లాగీసుకుంటన్నారంట. రేపు పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాల. పైడమ్మ రాపోతే నాను పెట్టను. కూలికెల్లిపోతాను. నీ మాటయితే ఇంటాది, ఓపాలి సెప్పు.”

పన్నెండింటికి వాళ్ళింట్లో భోజనం. తనే ఎండుచేపలు, వంకాయ కలిపి వండాడు. నాకు వడ్డిస్తూ, “రెండు నెల్లయింది, ఈ ఇంట్లో ఎవులైనా కూకుని తిని,” అన్నాడు. నేను కంచం ముందుకు జరిపి ఇంకో గరిటె కూర వేయించుకున్నాను.

రెండింటి బస్సుకి బయల్దేరి మధురవాడలో పిన్ని ఇంటి దగ్గర దిగాను. పైడమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. దారిపొడుగునా కూర్చుకున్న హాస్యాలు నాలుగూ దాని మొహం చూడగానే ఎగిరిపోయాయి. చూసింది చూసినట్టు చెప్పాను.

“వాసన పోద్దా అన్నియ్యా?”

“మొదటి సెరువు కాడ ముక్కు మూసుకున్నాను. మూడోదాని కాడ మూసుకోడం మరిసిపోనాను.”

“నీళ్ళకి సరే. మనిసికో?”

“పక్కన కూకుని అన్నం తిన్నానే. కూర వాసనే ఏసింది.”

తను చింతపండు పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. పిన్ని నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

నాలుగు దాటాక వైజాగు బస్సెక్కాను. అది కదిలేసరికి, రోడ్డుకి అవతల భీమిలి బస్సులు ఆగే వైపు పైడమ్మ నిలబడి ఉంది. చేతిలో సంచీ లేదు. వెనక పిన్ని పరిగెత్తుకొస్తోంది, “ఎక్కడికే?” అంటూ.

“సెరువులు సూసొత్తాను.”

సముద్రం చూడ్డానికి భీమిలి వెళ్ళేవాళ్ళు బోలెడుమంది. చెరువుల కోసం వెళ్ళింది ఆ రోజు తనొక్కతే అయుంటుంది. వెలుగుండగా చేరుతుందో లేదో, నీళ్ళు కనబడతాయో లేదో అని, వన్ టౌన్ వచ్చేదాకా పక్కాయన్ని టైము అడుగుతూనే ఉన్నాను.