మీ ఇష్టం అండి

భీమవరంలో రొయ్యల మేత అమ్మే అప్పాజీగారు "మీ ఇష్టం అండి" అన్న మాటను జన్మలో ఒక్కసారే నమ్మారు. వియ్యాలవారు "భోంచేస్తారా, మీ ఇష్టం అండి" అంటే, వద్దని లేచి వచ్చేశారు. వాళ్ల అలక వేడికి చెరువులో రొయ్యలు ఉడికిపోయాయని ఇప్పటికీ చెబుతారు.

ఇప్పుడు చిన్నకూతురు సుప్రియ బెంగళూరులో ఒక పెద్ద కాలేజీకి దరఖాస్తు పెడుతోంది. పరీక్ష మార్కులు పంపడం, మానడం మీ ఇష్టమని కాలేజీవాళ్లు రాశారు. సుప్రియకు వచ్చినవేమో అంతంతమాత్రం.

"పంపకపోతే మర్యాదగా ఉండదమ్మా!"

"ఇది పెళ్లిభోజనం కాదు నాన్నా! ఆ మార్కులు చూస్తే సీటివ్వరు!"

ఆయన వినకుండా కాలేజీకే ఫోన్ చేశారు. ఎత్తినతనూ గోదావరివాడే, అమలాపురం మనిషట. "మీ ఇష్టం అండి" అన్నాడు తియ్యగా.

"విన్నావా, పంపమంటున్నారు!"

సుప్రియ తల పట్టుకుంది. ఇక లాభం లేదని మార్కుల గడి ఖాళీగా వదిలేసి దరఖాస్తు పంపేసింది.

"అయిపోయింది నాన్నా. మార్కులు పెట్టలేదు."

అప్పాజీగారు ఇంకా పెట్టేయని ఫోన్‌లో ఆ అమలాపురం మనిషితో గొంతు తగ్గించారు. "చిన్నపిల్లండి, ఏమీ అనుకోకండి. ఇంతకీ మీకు కోపం రాలేదు కదండీ?"