వెనక గేటు బడి

నాచారంలో మా అపార్ట్‌మెంట్ వెనక గేటు పీకేసి గోడ కడుతున్నారు. ఇంకో రెండు కార్లకు చోటొస్తుందట. సాయంత్రం పాల ప్యాకెట్ తెచ్చుకుని వస్తూ, మేస్త్రి ఇటుకలు పేరుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. బాధేస్తుందేమోనని కాసేపు ఆగాను. ఏమీ అనిపించలేదు.

కొన్నేళ్ళ కిందట మా వదిన ఉప్పల్ సర్కారు బడిలో టీచరుగా రిటైరైంది. ఖాళీగా ఉంటే మా అన్నయ్య చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటుందని మేం భయపడుతుండగా, ఆవిడే ఉపాయం చెప్పింది: కింద మీటింగ్ హాల్లో సాయంత్రం బడి. మా అపార్ట్‌మెంట్ పిల్లలూ, వెనక బస్తీ పిల్లలూ ఒకే చాప మీద కూర్చోవాలి. ఏం నేర్పాలో రెండు వైపుల తల్లులూ కలిసి తేల్చాలి. మావాళ్ళు స్పోకెన్ ఇంగ్లిష్ అన్నారు, అబాకస్ అన్నారు. మసాలా ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే ఒకావిడ మాత్రం, "ఏమన్న జెప్పున్రి టీచరమ్మా. మా పిల్ల మీ పిల్లలను సూస్తే నోరు తెరుస్తలేదు. గా బుగులు పోతే సాలు" అంది. వదిన ఆ భయం పోగొట్టడాన్నే సిలబస్ చేసుకుంది. దసరా నాటికి ఆ పిల్ల క్యారమ్స్ దగ్గర మా మూడో అంతస్తు కుర్రాడితో గొంతు చించుకుని పోట్లాడింది. ఆ రోజు వదిన ఇంట్లో పాయసం.

ఆ పోట్లాట మీదే అసోసియేషన్ మీటింగు పెట్టింది. బస్తీ పిల్లలు వెనక గేటు నుంచి రావాలన్నారు. "అలాగేనండీ" అంది వదిన. మర్నాటి నుంచి మా పిల్లల్నీ, తన మనవణ్ణీ కూడా ముందు గేటున బయటికి తీసుకెళ్ళి, చెత్తడబ్బాల పక్కనుంచి వెనక గేటులోనే తీసుకొచ్చింది. పిల్లలకు అదో సరదా. పెద్దలకే కాలేదు. ఒకడికి ఏఎస్ రావు నగర్‌లో కోచింగ్ మొదలైంది, ఒకడికి కరాటే, ఇంకొకడికి తగ్గని దగ్గు. బడి మానిపిస్తున్నామని ఎవరూ అనలేదు. ఆ పిల్ల చాప మీద పక్కన చోటు వదిలి కూర్చునేది. "ఆల్లు ఇగ రారా టీచరమ్మా?" అని ఒకసారి అడిగింది. "వస్తార్లే" అంది వదిన. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. మెల్లమెల్లగా నోరు తెరవడమే మానేసింది. వదిన హాలు తాళంచెవి అసోసియేషన్‌కు తిరిగిచ్చేసింది. "ఒక్క బస్తీ పిల్లలకే చెప్పేదానికి హాలెందుకు, నేనే వాళ్ళ దగ్గరికి వెళ్తాను" అంది. అప్పట్నుంచి రోజూ ఆ గేటులోంచే వెళ్తోంది.

నేను పాలతో నిలబడి ఉండగానే వదిన పుస్తకాల సంచీతో దిగింది. సగం లేచిన గోడను చూసి, "అయితే ఇక చుట్టూ తిరిగి వెళ్ళాలన్నమాట" అని, మోకాలు ఒకసారి నొక్కుకుని ముందు గేటు వైపు నడిచింది. ఒకప్పుడు పిల్లలు ఏ గేటున రావాలో తేల్చడానికి అంత పెద్ద మీటింగు పెట్టారు. ఈ గోడకు మీటింగే అక్కరలేకపోయింది. అడిగేవాళ్ళు మిగలకుండా కాలమే చూసుకుంది.