చెవిలో చెప్పిన బాంగు

జైతున్‌బీ తండ్రి మాబాషా ఆళ్లగడ్డలో దూదేకి పరుపులు కుట్టేవాడు. పేటలోని చిన్న మసీదులో ఇరవై ఏండ్లు ఐదుపూటలా ఆయనే బాంగిచ్చాడు. నమాజుకు రమ్మని పిలిచే అజాన్‌ను ఆ ఇంట్లో బాంగనే అనేవాళ్లు. వాళ్లు మాట్లాడుకునేది తెలుగే. ఉర్దూ అంతంతమాత్రం, అరబ్బీ అసలే రాదు. అయినా మాబాషా కడపలో ఒక పెద్దాయన దగ్గర కూచుని, బాంగులోని ఒక్కో మాటకూ అర్థం తెలుసుకుని వచ్చాడు.

"ఊరందర్నీ పిలుస్తాండా. ఎందుకు పిలిచినావప్పా అని ఎవురన్నా అడిగితే చెప్పాల గదా" అనేవాడు.

సాయంత్రం పని ముగించి, మీసాలకు అంటుకున్న పోగులు దులుపుకుంటూ ఆ అర్థాలే కూతురికి చెప్పేవాడు. జైతున్‌బీకి అవి తెలుగు మాటల్లాగే నాటుకుపోయాయి. కానీ ఒక్కనాడూ గొంతెత్తి అనలేదు. బాంగు మగవాళ్లు ఇచ్చేది. అది వినబడగానే తలమీద కొంగు కప్పుకుని, ఒక్కో మాటనూ పెదాల మీదే అనుకునేది.

పెళ్లయి నంద్యాలకు వచ్చింది. భర్త పోయాక ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేరింది. పద్దెనిమిదేండ్లలో ఎన్ని వందల బిడ్డలకు మొదటి స్నానం చేయించిందో ఆమెకే తెలియదు. ముసల్మానుల బిడ్డ పుడితే తుడిచి, గుడ్డలో చుట్టి, వరండాలో కాచుకున్న తండ్రికో తాతకో అందించేది. వాళ్లు బిడ్డ చెవిలో బాంగు చెబుతుంటే పక్కకు జరిగి నిలబడేది.

పోయినేడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి షాహీదా అనే అమ్మాయిని తీసుకొచ్చారు. తొలిచూలు. ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. తోడు తల్లి ఒక్కతే. భర్త షాకీర్ ట్రాక్టర్ల మెకానిక్కు, పని మీద ప్యాపిలికి పోయి ఉన్నాడు. కబురు తెలిసి బస్సెక్కాడు గానీ ఆ తర్వాత ఫోను కలవలేదు.

ఆడబిడ్డ పుట్టింది. రెండుసార్లు సన్నగా ఏడ్చింది. మూడోసారి ఏడవలేదు. డాక్టరమ్మ చూసి, ఊపిరి సరిగా అందడం లేదు, వెంటనే కర్నూలుకు తీసుకుపోవాలని చెప్పింది. నర్సు సుజాత బిడ్డకు ఆక్సిజన్ పెట్టింది. అంబులెన్సు వాకిట్లోకి వచ్చి నిలబడింది.

అప్పుడు షాహీదా మంచం మీద నుంచి తల తిప్పి అడిగింది. "బిడ్డ చెవిలో బాంగు చెప్పినారా?"

షాహీదా తల్లి కళ్లు తుడుచుకుంటూ, "నాకు ఆ మాటలు వరసగా రావే" అంది.

సుజాత గేటు దాకా పోయి చూసి వచ్చింది. "మీవాళ్లు మగోళ్లు ఎవురూ లేరు జైతునక్కా. మసీదుకు మనిషిని పంపేంత టైమ్ లేదు."

"బాంగు పడకుండా పంపొద్దండి" అంది షాహీదా. గట్టిగా అనే ఓపిక కూడా లేదు ఆ పిల్లకు.

జైతున్‌బీ చేతులు కడుక్కుంది. కొంగు తలమీదికి లాక్కుంది. బిడ్డ కుడిచెవి దగ్గర వంగి, "అల్లాహు అక్బర్" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. గదిలో ఆక్సిజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎక్కడా తడబడకుండా చివరిదాకా చెప్పింది. నమాజు మొదలయ్యే ముందు చెప్పే ఇఖామత్ కూడా ఎడమచెవిలో చెప్పింది. బిడ్డ వేళ్లు ఒకసారి ముడుచుకుని విచ్చుకున్నాయి. సుజాత బిడ్డను తీసుకుని బండెక్కింది.

కర్నూలు దారిలో పాణ్యం దాటకముందే బిడ్డ పోయింది.

ఆ తర్వాత జైతున్‌బీకి అన్నం సరిగా సహించలేదు. ఆడదానివి నువ్వెట్లా చెప్పినావని ఎవరో వచ్చి అడుగుతారని భయపడింది. తన నోటితో చెప్పినందుకే ఇట్లా అయిందేమో అని కూడా అనుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పన్నెండో రోజు షాకీర్ వచ్చాడు. వరండాలో బెంచీ మీద కూచున్న ఆమె ముందు నిలబడ్డాడు.

"బాంగు చెప్పింది నువ్వేనామ్మా?"

"నేనే నాయనా. తప్పయితే క్షమించు."

"తప్పు పట్టేకి రాలేదు. ఇమాం సాబును అడిగినా. మగోళ్లు లేనప్పుడు తప్పేమీ లేదన్న్యాడు." అతను బెంచీ చివర కూచున్నాడు. "ఇంకోటి అడగల్లని వచ్చినా. మట్టి చేసేకి ముందు బిడ్డను ఎదురుగా పెట్టుకుని జనాజా నమాజుకు నిలబడితే, బాంగు ఇస్తారేమో అని చూస్తాండా. ఇయ్యకుండానే నమాజు చేసేసినారు. ఎన్ని జనాజాలకు పోయినానో, ఎప్పుడూ పట్టించుకోలే. నా బిడ్డ కాడికి వచ్చేసరికి, పసిదని తక్కువ చేసినారేమో అనిపించింది. ఆడ ఎవుర్నీ అడగలేకపోయినా."

"జనాజా నమాజుకు ఎవురికీ బాంగియ్యరు నాయనా. ఎంత పెద్దోళ్లకైనా అంతే. ఆ నమాజుకు బాంగు పుట్టినపొద్దే చెవిలో పడింటాది. మా నాయన చెప్పేవాడు. నీ బిడ్డకు ఆపొద్దు చెప్పిందే ఆ బాంగు."

షాకీర్ తల వంచుకున్నాడు.

"అయితే నా బిడ్డ ఏం వినిందమ్మా? మాటలు నాకూ వచ్చు. అర్థం తెలీదు."

ఆమె తండ్రి చెప్పినట్టే నిదానంగా చెప్పింది. "అల్లా అందరికంటే పెద్దోడు. ఆయన తప్ప ఇంకో దేవుడు లేడని సాక్ష్యం చెప్తాండా. ముహమ్మద్ ఆయన పంపిన ప్రవక్త అని సాక్ష్యం చెప్తాండా. నమాజుకు రా. ఫలాహ్‌కు రా."

"ఫలాహ్ అంటే?"

"మేలు. గెలుపు. సేద్యం చేసినోనికి పంట చేతికొచ్చినట్టు అని మా నాయన చెప్పేవాడు. మళ్లీ, అల్లా పెద్దోడు, ఆయన తప్ప దేవుడు లేడు. అంతే."

"తెల్లారుజామున బాంగులో ఇంకో మాట ఉంటాది గదా?"

"నిద్ర కంటే నమాజు మేలు అని. అది బిడ్డలకు చెప్పరు."

షాకీర్ జేబులోంచి కాగితం తీసి, మళ్లీ మొదటినుంచీ చెప్పమన్నాడు. ఒక్కో మాటా తెలుగులో రాసుకున్నాడు. గ్రీజు మరకల వేళ్లతో మెల్లగా రాస్తూ, ఒకచోట ఆగి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె తొందరపెట్టలేదు.

"షాహీదాకు చదివి వినిపించల్ల. రేయింబవళ్లూ ఒకటే అడుగుతాంది, బిడ్డ ఏం వినిపోయిందని."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆమెకు సలాం చెప్పి బస్టాండు వైపు పోయాడు. జైతున్‌బీ వార్డులోకి పోయి ఆ పూట పనంతా చేసింది. ఇంటికి పోయి కడుపునిండా అన్నం తింది.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు బిడ్డలకు ఆమే బాంగు చెప్పింది. ఇద్దరూ బతికే ఉన్నారు. ఇప్పటికీ ముందు వరండాలోకి వచ్చి, మగవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది. ఉంటే బిడ్డను వాళ్ల చేతికే ఇస్తుంది.