రెండు దెబ్బల ముందు

నలభై ఏళ్ళ పైమాట. ఇన్నేళ్ళుగా ఒక బరువు గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తిన్నాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, నవ్వాల్సిన చోట నవ్వాను. అది మాత్రం దిగలేదు. మా అక్కతో చెప్పలేదు. నా భార్యతో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. అక్షరాలు నాకు పెద్దయ్యాక మా అమ్మాయి పలక మీద వచ్చాయి. తప్పులుంటే సర్దుకోండి.

మా అక్క మొగుడు గారడీ చేసేవాడు. నేను పక్కన కూర్చుని డోలు వాయించేవాణ్ణి. జర్మనీ లడాయి నడుస్తున్న రోజులవి. కిరసనాయిలు దొరికేది కాదు, కట్టుకోను బట్ట దొరికేది కాదు. అయినా సిద్దిపేట అంగడి నాడు జనం విరగబడి వచ్చేవారు. చింతమడక నుంచి, మద్దూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. మిరపకాయలు అమ్మేవాళ్ళకూ గొంగళ్ళు అమ్మేవాళ్ళకూ నడుమ మాకొక జాగా ఉండేది. ఎవరూ రాసివ్వలేదు గానీ బావ తండ్రి కాలం నుంచీ అక్కడ ఇంకెవరూ కూర్చోలేదు.

బావ దగ్గర చాలా విద్యలుండేవి. నేను చెప్పేది ఒక్కదాని గురించే. ఒక కోడిగుడ్డు తీసి జనంలో ఎవరికో ఇచ్చేవాడు. వాళ్ళు ఊపి చూసి, ఎండకు పట్టి చూసి, గుడ్డే అని ఒప్పుకుని తిరిగిచ్చేవారు. దాన్ని పరిచిన గొంగడి మీద పెట్టి పైన గంప బోర్లించేవాడు. నేను డోలు అందుకునేవాణ్ణి. గంపను అటు జరిపి ఇటు జరిపి మాటల్లో పెడుతూ గుడ్డును ఎప్పుడో తీసేసేవాడు. ఆ తర్వాత ఆయన కుడిచెయ్యి లేచేది.

ఎట్లా చెప్పను ఆ చెయ్యి గురించి? పిడికిలి మూసుకుని మోకాలి దగ్గర నుంచి మెల్లగా లేచేది. భుజం దాటేది, తల దాటేది. ఆకాశం వైపు నిలబడ్డాక చిటికెన వేలు తెరుచుకునేది, తర్వాత ఉంగరపు వేలు, ఒకటొకటిగా. అందరి కళ్ళూ ఆ వేళ్ళ మీదే ఉండేవి. కింద ఎడమచెయ్యి ఒళ్ళో ఉన్న జోలెలోంచి కోడిపిల్లను తీసి గంప కిందికి తోసేది. పిల్ల అరుస్తూనే ఉండేది, నా డోలు మోతలో వినపడేది కాదు. బొటనవేలు తెరుచుకోవడానికి సరిగ్గా రెండు దెబ్బల ముందు ఆ పని అయిపోయేది. ఆ రెండు దెబ్బలూ కొట్టి, బొటనవేలు విచ్చుకోగానే నేను డోలు ఆపాలి. ఆపేవాణ్ణి. మూడు నాలుగు వందల మంది ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఆ నిశ్శబ్దంలో గంప కింద నుంచి కీచుమని ఒక్క అరుపు.

జనానికి ప్రాణం అప్పుడే పుట్టినట్టు ఉండేది. ఆ తెరుచుకున్న చేతిలోంచే దిగివచ్చినట్టు ఉండేది. ఆడవాళ్ళు చేతులు జోడించేవారు. అత్తరు అమ్మే ఒక ముసలి సాయబు ప్రతిసారీ యా అల్లా అని కళ్ళు తుడుచుకునేవాడు. నాకు అంతా తెలుసు కదా. ఆ కోడిపిల్లకు పొద్దున నూకలు వేసింది నేనే కదా. అయినా నా ఒళ్ళు గగుర్పొడిచేది. పదకొండేళ్ళు పక్కన కూర్చున్నాను, ఒక్కనాడు కూడా అది నాకు పాతబడలేదు. తెలిసినవాడికే అంత అబ్బురమైతే తెలియనివాళ్ళకు ఎట్లా ఉండేదో!

పిల్ల అప్పటికే గంప కింద ఉంటుంది కదా, మళ్ళీ ఆ బొటనవేలు తెరవడం ఎందుకని ఒకసారి బావను అడిగాను. "పని అయితే సరిపోదురా. అయిందని చెప్పాలె. చెప్పకపోతే గది ఒట్టి కోడిపిల్ల" అన్నాడు.

గారడీ చేసే ప్రతి ఇంటికీ ఇట్లాంటి గురుతు ఒకటి ఉంటుంది. కొందరు ఊదుతారు, కొందరు మంత్రదండంలా ఎముక తిప్పుతారు, కొందరు చిటికె వేస్తారు. బావ వాళ్ళింట్లో చిటికెన వేలి నుంచి చెయ్యి తెరవడం. దాన్ని వాళ్ళు 'చెయ్యి' అనే పిలిచేవారు. తండ్రి కొడుకుకు ఇస్తాడు, ఇల్లు దాటనివ్వరు. బావకు ఇద్దరూ ఆడపిల్లలే. నాకు నేర్పమని అడిగాను. "మా బాపుకు మాటిచ్చిన. నీది డోలు చెయ్యి, గది చాలు నీకు" అన్నాడు. కోపంగా అనలేదు, నా భుజం తట్టి అన్నాడు. కోపంగా అన్నా బాగుండేదేమో. ఆ మాట నా కడుపులో ఉండిపోయింది.

నేను చెప్పబోయే ఆ అంగడి నాడు పొద్దున చాయ్ తాగడానికి కూర్చున్నాం. హోటల్ అతను బావకు మలాయి వేసి ఇచ్చాడు. "చెయ్యంటే నీదే. డోలుకేముంది, ఎవడైన కొడ్తడు" అన్నాడు. బావ ఏమీ అనలేదు. విన్నాడో, చాయ్ ఊదుకుంటూ వినలేదో, ఇప్పటికీ నాకు తెలియదు. ఏదో ఒక మాట అంటాడని చూశాను. నా డోలు గురించి ఒక్క మాట. గ్లాసు కింద పెట్టి, పోదాం పా అన్నాడు.

మధ్యాహ్నం ఎండ నిలువునా ఉంది. జనం కిక్కిరిసి ఉన్నారు. గుడ్డు చూపించాడు, గంప బోర్లించాడు, చెయ్యి లేచింది. ఆ రోజు అది ఎన్నడూ లేనంత అందంగా లేచింది. ఈ మాట నేను ఒట్టేసి చెప్పగలను. మూడు వేళ్ళు తెరుచుకున్నాయి. చూపుడు వేలు కదిలింది. ఎడమచెయ్యి జోలెకూ గంపకూ నడుమ ఉంది. అప్పుడు, కావాలనే, నేను డోలు ఆపేశాను.

కోపంతోనా? కోపమే అని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, పదకొండేళ్ళుగా ఆ అద్భుతం పక్కన కూర్చుని, అందులో నా వంతు ఎంతో ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలనే ఆశ కూడా అందులో ఉందేమో అనిపిస్తుంది. దాన్ని ఆశ అంటే తప్పు చిన్నదవుతుందా? కాదు. నేను నా చేతులతో, తెలిసి, చేశాను.

కోడిపిల్ల బావ ఎడమచేతిలో అరిచింది. జనమంతా కిందికి చూశారు. పసుపుపచ్చని కాళ్ళు రెండు ఆయన వేళ్ళ సందున కొట్టుకుంటున్నాయి. "గంపల లేదురో, చేతుల ఉన్నది!" అని మిరపకాయల వైపు నుంచి ఎవరో అరిచారు. అంగడి అంతా ఒక్కసారిగా నవ్వింది. అత్తరు సాయబు నవ్వలేదు, తల దించుకుని వెళ్ళిపోయాడు.

బావ కుడిచెయ్యి ఇంకా పైనే ఉంది. దాన్ని దించుతాడనుకున్నాను. దించలేదు. ఆ నవ్వుల మధ్యనే చూపుడు వేలు పూర్తిగా తెరిచాడు. బొటనవేలు తెరిచాడు. కాసేపు అట్లాగే ఉంచాడు. అంత గొప్పదాన్ని నా బతుకులో మళ్ళీ చూడలేదు. తర్వాత కోడిపిల్లను గొంగడి మీద వదిలి గంప సర్దుకున్నాడు.

ఊరు దాటేదాకా ఆయన ముందు నడిచాడు. తుమ్మచెట్ల దగ్గర ఆగి, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"నిజం చెప్పు బామ్మర్దీ. నా చెయ్యి ఎన్ని దెబ్బలు ఎనుకవడ్డది?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. డోలు ఆగిందంటే ఆ వేళకు చెయ్యి తెరుచుకోవాలి. తెరుచుకోలేదు కాబట్టి చెయ్యే ఆలస్యమైందనుకున్నాడు. డోలు తప్పుతుందన్న అనుమానం ఆయనకు రానేలేదు. నేను పొద్దున ఎదురుచూసిన మాట అదే. నా డోలు మీద ఆయనకు తన చేతి కంటే ఎక్కువ నమ్మకం.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? కాళ్ళ మీద పడొచ్చు కదా?

"రెండు దెబ్బలు బావా" అన్నాను.

"రెండా?" అన్నాడు. "నేను ఒక్కటే అనుకున్న."

ఆ తర్వాత ఆయన గారడీ చెయ్యలేదు. సడక్ పనికి కంకర కొట్టడానికి పోయాడు. రెండు దెబ్బలు ఎనుకవడ్డ చెయ్యి ఇంక దారికి రాదని అక్కతో అన్నాడట. ఒక రోజు మాపటికి వాళ్ళింటికి వెళ్తే పెరట్లో అక్క చాట బోర్లించి పుల్లతో కొడుతోంది. ఆయన ఎదురుగా కూర్చుని చెయ్యి ఎత్తుతున్నాడు. దడి అవతలే నిలబడిపోయాను. కంకర కొట్టి కాయలు కాచిన చెయ్యి. అయినా అదే నిదానం. చివరి దెబ్బ ఆగడం, బొటనవేలు తెరుచుకోవడం ఒక్కసారే జరిగాయి. రవ్వంత తేడా లేదు. నా ఒళ్ళు మళ్ళీ గగుర్పొడిచింది.

"సరిగనే లేస్తుంది కదా" అంది అక్క.

"నీకు తెల్వదే. నీ తమ్ముడు చెప్పిండు" అన్నాడు ఆయన.

దడి దాటి లోపలికి నాలుగు అడుగులు. వెయ్యలేకపోయాను. వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాను. నిజాం రాజ్యం పోయిన ఏడాది జ్వరం వచ్చి బావ పోయాడు. ఆ చెయ్యి ఎవరికీ ఇవ్వలేదు. పనికిరాని దాన్ని ఎవరికిస్తామని అన్నాడట.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇచ్చేది కాదు, ఇవ్వగలిగినాయన లేడు. చిటికెన వేలి నుంచి చెయ్యి తెరిచేవాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేరు. నేను పోతే దాన్ని పక్కన కూర్చుని చూసినవాడు కూడా ఉండడు. అందుకే ఒక్క మాట కాగితం మీద ఉండాలని ఇదంతా రాశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి గొంతు దాటి వస్తోంది, రాస్తుంటే ఊపిరి ఆడుతోంది.

మా బావ చెయ్యి ఆలస్యం కాలేదు. సరైన వేళకే తెరుచుకుంది. డోలు ముందే ఆగింది. ఆపింది నేను.