లోకల్ కాదు మేడమ్

మా నాన్న బట్టల కొట్టు రెండు ఇంగ్లీషు మాటల మీద నడిచింది. అమ్మేటప్పుడు ‘ఫారిన్’, కొనేటప్పుడు ‘లోకల్’. సముద్రం దాటి వచ్చిందంటే గరుకు గుడ్డ కూడా మెత్తబడేది. ఇక్కడే విడవలూరు పక్కన నేసిందంటే పట్టు కూడా పేలికయ్యేది. పలకా బలపం పట్టకముందే నేను నేర్చుకున్న ఇంగ్లీషు అది. తర్వాత ‘ఫారిన్’ ముసలిదైపోయి ‘ఇంపోర్టెడ్’ వచ్చింది. ‘చీప్ అండ్ బెస్ట్’ బోర్డు మీంచి దిగిపోయింది. ‘లోకల్’ మాత్రం ఎప్పటికీ తిట్టేనని నమ్మినా.

మొన్న కొట్టు తీసీ తీయకముందే ఒక మేడమ్ వచ్చింది. బీచ్ పక్కన గదులు కట్టి అద్దెకిస్తోందంట. అన్నిటికీ తువ్వాళ్లు కావాలంది. ఎదురుగా మార్ట్ వచ్చినప్పట్నుంచి ఈగలు తోలుకుంటున్నవాణ్ణి. ఈ బేరం తగిలితే కొట్టు మూసే మాట ఇంకో ఏడాది వాయిదా. పైగా బోణీ.

తువ్వాలు నలిపి చూసి అడిగింది. “ఇది లోకలా?”

నాలుక తనంతట తానే కదిలింది. “ఛ ఛ, లోకల్ కాదు మేడమ్. సూరత్ మాల్.”

ఆమె తువ్వాలు కింద పెట్టేసింది. “అయ్యో, ఇక్కడి మగ్గం మీద నేసిందేమో అనుకున్నా. మా గెస్టులకి లోకల్ అయితేనే ఇష్టమండీ. రేటు ఎక్కువైనా సరే.”

“నిజం చెప్పాలంటే మేడమ్, ఇది లోకలే.”

“ఇప్పుడే కాదన్నారుగా!”

దేవుడు పంపినట్టు, ఆ తువ్వాళ్లు నేసే మనిషే మూటతో మెట్లెక్కినాడు. “ఇదిగో, ఈయన్నే అడగండి” అన్నా.

“మీ సరుకు లోకలేనా?” అని అడిగింది ఆమె.

ఇన్నేళ్లుగా ఆ మాట నా నోట వచ్చినప్పుడల్లా అతని రేటు తగ్గుతూ వచ్చింది. మూట దించకుండానే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “అమ్మతోడు తల్లీ, లోకల్ కాదు! ఫస్టు క్లాసు మాల్!”

ఆమె మా ఇద్దర్నీ చూసి, నవ్వి, కారెక్కింది. “లోకలే మేడమ్, లోకలే!” అని అరుస్తూ వీధి చివరిదాకా పరిగెత్తినా. మా వంశంలో ఆ మాట అంత గట్టిగా అరిచింది నేనే.

వగరుస్తూ తిరిగొస్తే అతను బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. “తప్పేమన్నా చెప్పినానా అన్నా?”

“లేదప్పా. నేను నేర్పిందే చెప్పినావు.”

మూట విప్పి, నూలు ధర పెరిగిందనీ, ఈసారి కాస్త ఎక్కువిమ్మనీ అడిగినాడు. అలవాటుగా నోరు తెరిచినా. “ఎంతైనా ఇది లో...”

వీధిలో కారు దుమ్ము ఇంకా అణగలేదు. మిగతాది మింగి, అడిగినంతా ఇచ్చినా. గోడమీది నాన్న పటం వైపు మాత్రం చూడలేదు.